గుడి వాకిలి, బడి వాకిలి



డిసెంబరు 15వ తేదీన తెలుగు బడులలో పొట్టి శ్రీరాములు గారి పటానికి పూలదండ వేస్తాము. పిల్లలను వరుసగా నిలబెట్టి, తెలుగువారి రాష్ట్రం కోసం 58 రోజులు నిరాహారదీక్ష చేసి ప్రాణాలు విడిచిన మహనీయుడని చెబుతాము. పిల్లలు చప్పట్లు కొడతారు. గంట మోగుతుంది, అందరూ తరగతులకు వెళ్ళిపోతారు.

మనం చెప్పిన మాట నిజమే, కాని అది సగం నిజం. 1952లో ఆయన పట్టిన దీక్ష ఆయన జీవితంలో మొదటిది కాదు, చివరిది. అంతకు ముందు కూడా ఆయన పస్తులున్నారు. ఆ పస్తులు ఎవరి కోసం? ఈ ప్రశ్నకు జవాబు చెప్పగల పిల్లలు మన బడులలో ఎందరున్నారో మీరే ఒకసారి అడిగి చూడండి. పిల్లల సంగతి అటుంచి, మనలో ఎందరం చెప్పగలము?

జూజువాడి వంటి చోట నివసించే తెలుగువారికి ఆ మిగిలిన సగం మరింత అవసరమని నా నమ్మకం. ఎందుకో ఈ వ్యాసంలో మనవి చేస్తాను.

మనం నిలబడి ఉన్న నేల

జూజువాడి తమిళనాడుకు ఒక వాకిలి వంటిది. బెంగళూరు నుండి వచ్చే రహదారి అత్తిబెలె దాటగానే రాష్ట్రం మారుతుంది, బోర్డుల మీది లిపి మారుతుంది. ఇంటిలోని మాట మాత్రం మారదు. ఆవల కన్నడం, ఈవల తమిళం, సంతలో ఉర్దూ, ఎన్నో ఇళ్ళలో తెలుగు. మొరసునాడు అని పెద్దలు పిలిచిన ఈ సీమ ఏనాడూ ఒకే భాషకు చెందినది కాదు.

ఈ నేల పాలకులను కూడా ఎందరినో చూసింది. 1792లో మూడవ మైసూరు యుద్ధం ముగిసినప్పుడు బారామహల్ ఈస్టిండియా కంపెనీ వశమయింది. 1799లో టిప్పు సుల్తాను పతనం తరువాత హోసూరు కూడా వారి చేతికి వచ్చింది. తరువాత చాలాకాలం మనం సేలం జిల్లావారము. 1965లో ధర్మపురి జిల్లావారమయ్యాము. 2004 ఫిబ్రవరిలో కృష్ణగిరి జిల్లావారమయ్యాము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గాని, 1956 నవంబరు 1న రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు గాని హోసూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉండిపోయింది. గీతలు జరిగాయి, మనుషులు ఉన్నచోటనే ఉన్నారు.

ఆ విధంగా ఎవరి పోరాటం వలన తెలుగువారికి రాష్ట్రం వచ్చిందో, ఆ పోరాటఫలం అందని తెలుగువారము మనము. అందుచేత శ్రీరాములు గారిని తలచుకొన్నప్పుడు మన మనస్సులో భక్తితో పాటు కొంత వెలితి కూడా ఉంటుంది. ఆ వెలితి అప్పుడప్పుడు కోపంగా మారుతుంది. ఆ కోపం ఎవరి మీద? తమిళం మీద, తమిళుల మీద. ఇక్కడే మనం కొంచెం ఆగి ఆలోచించాలి.

నెల్లూరులోని పస్తులు

శ్రీరాములు గారు 1901 మార్చి 16న మద్రాసులో జన్మించారు. బొంబాయిలో శానిటరీ ఇంజనీరింగు చదివి రైల్వేలో కొన్నేళ్ళు ఉద్యోగం చేశారు. భార్య, పసిబిడ్డ మరణించిన తరువాత ఉద్యోగం వదలి సబర్మతి ఆశ్రమం చేరారు. 1930 ఉప్పు సత్యాగ్రహంలో చెరసాలకు వెళ్ళారు, తరువాతి ఉద్యమాలలోనూ వెళ్ళారు. ఇదంతా పాఠ్యపుస్తకాలలో రెండు పంక్తులలో దొరుకుతుంది.

దొరకనిది ఏమిటంటే, 1946లో ఆయన నెల్లూరు మూలపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోనికి దళితులను రానీయాలని నిరాహారదీక్ష పట్టారు. ఆలయం తలుపులు తెరుచుకొన్నాయి. 1946 నుండి 1948 లోపల ఇదే ధ్యేయంతో మూడు పర్యాయాలు ఆయన అన్నం మానారు. అస్పృశ్యత పోవాలని వ్రాసిన పలకలను మెడలో వేసుకొని, కాళ్ళకు చెప్పులు లేకుండా, ఎండలో గొడుగు లేకుండా నెల్లూరు వీధులలో తిరిగారు. నెల్లూరు ఎండ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. చూసినవారిలో కొందరు ఆయనకు మతి చలించిందని అనుకొన్నారు.

ఒక్క విషయం గమనించండి. శ్రీరాములు గారు వైశ్య కుటుంబంలో పుట్టారు. ఏ గుడి తలుపూ ఆయనను ఆపలేదు. మూలపేట ఆలయంలోకి ఆయన ఏ ప్రొద్దునైనా నడిచి వెళ్ళవచ్చు. తనకు తెరిచే ఉన్న తలుపు ముందు కూర్చొని, మరొకరికి తెరవలేదని ఆయన అన్నం మానివేశారు. కరుణ అన్న మాటకు నిఘంటువులో అర్థం వెదకి పిల్లలకు వ్రాయించడం కన్న ఈ ఒక్క సంగతి చెబితే చాలు. జాలిపడేవాడు తన చోటునుండి కదలనవసరం లేదు. కరుణ గలవాడు లేచి వెళ్ళి బయట నిలబడినవాని ప్రక్కన కూర్చొంటాడు.

1952 అక్టోబరు 19న మద్రాసులో, బులుసు సాంబమూర్తి గారి ఇంట కూర్చొన్నది ఈ మనిషే. డిసెంబరు 15 రాత్రి మరణించినదీ ఈ మనిషే. ముందు పరుల కోసం, తరువాత తనవారి కోసం పస్తున్నాడు. మనం ముందుదానిని మరచిపోయి, వెనుకదానికి దండ వేస్తున్నాము. ఆయన మరణవార్త విని ఆంధ్ర జిల్లాలు భగ్గుమన్నాయి, రైళ్ళు ఆగాయి, పోలీసు కాల్పులలో కొందరు మరణించారు. ఆగ్రహం అర్థం చేసుకొనదగినదే. అయినా ఆయన తన దీక్షలలో ఎవరినీ నొప్పించలేదని, నొప్పి మొత్తం తన శరీరానికే ఇచ్చుకొన్నారని పిల్లలకు వేరుగా చెప్పవలసి ఉంది.

తొరపల్లి పెద్దాయన

ఈ కథలో మరొక మనిషి ఉన్నాడు. ఆయన మన ఊరివాడే. 1952లో మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న చక్రవర్తి రాజగోపాలాచారి గారు హోసూరు దగ్గరి తొరపల్లిలో 1878 డిసెంబరు 10న పుట్టారు. తండ్రి ఆ ఊరి మునసబు. రాజాజీ హోసూరు ప్రభుత్వ పాఠశాలలోనే చదివి, తరువాత బెంగళూరు సెంట్రల్ కళాశాలకు వెళ్ళారు. మద్రాసు నగరం ఆంధ్రులకు దక్కకూడదని ఆయన గట్టిగా నిలబడ్డారు. ఆ కారణంగా తెలుగువారి ఇళ్ళలో ఆయన పేరు మెచ్చుకోలుగా వినిపించడం అరుదు.

అయితే గుడి తలుపు విషయంలో ఈ ఇద్దరూ ఒకే ప్రక్కన ఉన్నారు. 1925లో రాజాజీ తిరుచెంగోడు దగ్గర పుదుపాళయంలో గాంధీ ఆశ్రమం స్థాపించినప్పుడు దళితులను అందులో చేర్చుకొన్నారు. అందుకు చుట్టుప్రక్కలవారు మొదట ఆశ్రమాన్ని దూరం పెట్టారు. 1939 జూలై 8న మదురై మీనాక్షి ఆలయంలోనికి ఎ. వైద్యనాథ అయ్యర్ గారు దళితులను వెంటబెట్టుకొని ప్రవేశించినప్పుడు, వారిపై కేసులు నిలువకుండా కాపాడే చట్టాన్ని తెచ్చినది రాజాజీ ప్రభుత్వమే. 1947 నాటికి మద్రాసు రాష్ట్రమంతటికీ వర్తించే ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది.

రాజాజీ చేసినవన్నీ ఒప్పులని నేను అనడం లేదు. 1938లో బడులలో హిందీని నిర్బంధం చేసి తమిళుల ఆగ్రహానికి గురయ్యారు. 1953లో, పిల్లలు సగం పూట బడిలో చదివి, మిగిలిన సమయం ఇంటి వృత్తి నేర్చుకోవాలన్న పథకం తెచ్చారు. అది కులవృత్తిని పిల్లల నెత్తిన కట్టే చదువని ప్రజలు ఎదిరించారు. 1954లో కామరాజ్ గారు వచ్చి దానిని రద్దు చేశారు. గుడి తలుపు తెరిచిన చేతులే బడి తలుపును సగం మూయబోయాయి. ఉపాధ్యాయులుగా మనం నేర్చుకోవలసిన పాఠం ఇందులోనే ఉంది. ఒక అన్యాయాన్ని చూడగలిగిన కన్ను మరొక అన్యాయాన్ని చూడలేకపోవచ్చు. ఆ మాట మనకూ వర్తిస్తుంది.

ఆంధ్ర అన్న పేరు ఎవరిది?

భాష విషయంలో మనకు జరిగే అన్యాయాన్ని మనం బాగానే చూస్తాము. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికి ఒక తరగతి చొప్పున పైకి జరుగుతూ 2015-16 నాటికి పదో తరగతిని చేరింది. తెలుగు, కన్నడం, ఉర్దూ, మలయాళం చదివే పిల్లల తల్లిదండ్రులు న్యాయస్థానాలకు వెళ్ళవలసి వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వీలు కల్పించాలని 1956లో రాజ్యాంగంలో చేర్చిన 350ఎ అధికరణం గురించి మనం సభలలో మాట్లాడుతాము. మాట్లాడవలసిందే.

అదే రాజ్యాంగంలో 17వ అధికరణం కూడా ఉంది. అది అస్పృశ్యతను రద్దు చేసింది. మన సభలలో దాని ప్రస్తావన ఎన్నిసార్లు వస్తుంది?

తమిళనాడు షెడ్యూల్డు కులాల జాబితా ఎప్పుడైనా చదివారా? 2009లో ఆ రాష్ట్రం అరుంధతీయులకు షెడ్యూల్డు కులాల 18 శాతం రిజర్వేషనులో 3 శాతం ప్రత్యేకంగా ఇస్తూ చట్టం చేసింది. జస్టిస్ ఎం.ఎస్. జనార్దనం గారి నివేదిక దానికి ఆధారం. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు షెడ్యూల్డు కులాల ఉపవర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ చట్టం క్రిందికి వచ్చేవి ఏడు కులాలు: అరుంధతీయర్, చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర.

చివరి పేరును మరొకసారి చదవండి. ఆది ఆంధ్ర. 1917లో బెజవాడలో గూడూరు రామచంద్రరావు గారు ఏర్పాటు చేయగా, హైదరాబాదు నుండి వచ్చిన భాగ్యరెడ్డివర్మ గారు అధ్యక్షత వహించిన పంచమ మహాజన సభ నుండి వ్యాపించిన పేరు అది. మేము పంచములము కాము, ఈ నేలకు మొదటి ఆంధ్రులము అని చాటుకొన్న పేరు. తమిళదేశంలో అరుంధతీయులలో ఎన్నో కుటుంబాలు ఇంటిలో నేటికీ తెలుగే మాట్లాడుతాయి. పడమటి జిల్లాలలో తోలుపని, పారిశుద్ధ్యపు పని తరతరాలుగా వారి నెత్తిన పడింది. బడి గాని, పుస్తకం గాని, సంఘం గాని అండ లేకుండా తెలుగును ఇన్ని తరాలు నిలబెట్టుకొన్నారు. మన సంఘాలకు భవనాలు ఉన్నాయి, వారి తెలుగుకు నాలుక తప్ప మరొక ఆధారం లేదు.

మరి తెలుగువారు తగ్గిపోతున్నారు, తెలుగు బడులలో పిల్లలు తగ్గిపోతున్నారు అని మనం బాధపడేటప్పుడు, ఆ లెక్కలో ఈ పిల్లలను కలుపుకొన్నామా? యుగాది సంబరానికి వారి వీధికి పిలుపు వెళ్ళిందా?

గుర్రం జాషువా గారు 1941లో గబ్బిలం కావ్యం వెలువరించారు. దానిని మనం పాఠంగా చెప్పి ఉంటాము. అందులోని నాయకుడు దక్షిణదేశపు అరుంధతీసుతుడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు గనుక, గుడిలో నిరాటంకంగా వ్రేలాడే గబ్బిలం ద్వారా కాశీలోని శివునికి తన మొర పంపుతాడు. ఆ కావ్యాన్ని ఛందస్సు కోసం, అలంకారాల కోసం చదివాము. ఆ అరుంధతీసుతుని వంశంవారు మన ప్రక్క వీధిలోనే ఉన్నారని తోచలేదు. జాషువా గారు కూడా ఉపాధ్యాయులే, గుంటూరులో తెలుగు పండితులుగా పనిచేసినవారే. ఆయన మన వృత్తివాడని చెప్పుకొని గర్వించడం సులభం. ఆయన అడిగిన ప్రశ్నకు మన తరగతి గదిలో జవాబు చెప్పడం కష్టం.

నా ఎర్ర సిరా

నా తప్పును దాచకుండా చెప్పుకొంటాను. ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక పిల్లవాడు తన వ్యాసంలో నీళ్ళు అనడానికి నీల్లు అని, చెప్పినాడు అనడానికి సెప్పినాడు అని వ్రాశాడు. అతడు ఊరి చివరి కాలనీ నుండి వచ్చేవాడు. నేను ఆ పుట నిండా ఎర్ర సిరాతో గీతలు గీసి, ఇది తెలుగేనా అని అందరి ముందు అడిగాను. పిల్లలు నవ్వారు. తరువాత వారంలో అతడు తెలుగు వదలి తమిళ మాధ్యమానికి మారిపోయాడు. వాళ్ళ అమ్మ వచ్చి పత్రం తీసుకొన్నప్పుడు, మావోడికి తెలుగు రాదంట గదయ్యోరా అని మాత్రం అన్నది. ఆమె ఆ మాట అన్నది తెలుగులోనే.

ఆ పిల్లవానిని తెలుగు నుండి వెళ్ళగొట్టినది ఏ చట్టమూ కాదు, నేను. చట్టాల మీద ఎంత మాట్లాడినా ఆ లెక్క నా పేరుననే ఉంటుంది. ప్రామాణిక భాష నేర్పవద్దని నేను చెప్పడం లేదు, నేర్పడం మన ధర్మం. కాని పిల్లవాని ఇంటిమాటను ముందు గౌరవించి, దాని ప్రక్కన పుస్తకపు మాటను నిలపాలి. మన సీమ మాట అంతా పుస్తకానికి యాసగానే వినిపిస్తుంది. కోస్తా నుండి వచ్చినవారు మన మాటను వెక్కిరిస్తే మనకు కలిగే నొప్పి ఎటువంటిదో మనకు తెలుసు గదా!

నంబరు పలక అడగని ప్రశ్న

ఇక ఇంటి బయటి విభజనల మాట. 1991 డిసెంబరులో కావేరి ట్రిబ్యునలు మధ్యంతర ఉత్తర్వు తరువాత బెంగళూరులో తమిళులపై దాడులు జరిగాయి. వేలమంది ఇల్లూవాకిలీ వదలి తమిళనాడు వైపు తరలివచ్చారు. 2016 సెప్టెంబరులో మళ్ళీ అల్లర్లు రేగి, తమిళనాడు నంబరు గల బస్సులు, లారీలు తగులబడ్డాయి. రాష్ట్రాల మధ్య బస్సులు ఆగిపోగా, జనం మూటలు మోసుకొంటూ, పిల్లలను చంకనెత్తుకొని సరిహద్దును కాలినడకన దాటారు. ఆ దారి మన దారే.

అటువంటి రోజున హోసూరు తెలుగు కుటుంబం తమ బండిలో బెంగళూరులో చిక్కుకొంటే, మీరు ఇంటిలో ఏ భాష మాట్లాడుతారు అని ఎవరు అడుగుతారు? మూక నంబరు పలకను చదువుతుంది, మనిషిని చదవదు. తమిళునిపై పడే దెబ్బ మనపైన కూడా పడుతుందని ఆ రోజులు చూపాయి. ఇది క్రొత్త సంగతి కూడా కాదు. 1860 నవంబరు 16న మద్రాసు నుండి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని డర్బను చేరింది. నేటాలుకు ఒప్పంద కూలీలను తెచ్చిన మొదటి ఓడ అది. తరువాత ఏళ్ళ తరబడి మద్రాసు ఓడలలో తమిళుడూ, తెలుగువాడూ ప్రక్కప్రక్కనే కూర్చొని ఆ తీరానికి వెళ్ళారు. అక్కడి తెల్లదొరకు ఇద్దరి పేరూ ఒక్కటే, కూలీ. పరాయిచోట ఒక్కటిగా అవమానపడినవారు సొంతచోట వేరువేరుగా నిలబడి కసురుకోవడం ఎంతవరకు తగును?

ఇప్పుడు మన సిప్‌కాట్ కర్మాగారాల చుట్టూ బీహారు, ఒడిశా, బెంగాలు నుండి వచ్చిన కూలీల కుటుంబాలు నివసిస్తున్నాయి. 2023 మార్చిలో తమిళనాడులో బీహారు కూలీలను చంపుతున్నారన్న తప్పుడు వీడియోలు వ్యాపించి ఎందరినో భయపెట్టాయి. ఆ ఇళ్ళ పిల్లలు మన బడుల ముందు నుండే నడిచిపోతారు. వారి భాష మనకు రాదు. మన తాతలను ఈ సీమలో మొదట చూసినవారికి కూడా మన భాష వచ్చి ఉండదు.

చేయదగినవి

పెద్ద మాటలు వద్దు, చేయదగిన చిన్న పనులు నాలుగు చెబుతాను.

మొదటిది, ఈసారి డిసెంబరు 15న శ్రీరాములు గారి కథను మూలపేట గుడి ముందు నుండి మొదలుపెట్టండి. మద్రాసు దీక్ష తరువాత రావాలి. మార్చి 16న కూడా చెప్పండి. పుట్టినరోజున మరణాన్ని గురించి కాక జీవితాన్ని గురించి చెప్పడం పిల్లలకు మేలు.

రెండవది, తొరపల్లికి పిల్లలను తీసుకొనిపోండి. రాజాజీ పుట్టిన ఇల్లు చూపండి. మనతో విభేదించిన మనిషిలోని మంచిని ఒప్పుకోవడం, మంచి మనిషిలోని పొరపాటును చెప్పుకోవడం, రెండూ ఒకే రోజున నేర్పవచ్చు.

మూడవది, మీ బడికి తెలుగు పిల్లలను వెదకడానికి వెళ్ళినప్పుడు ఊరి చివరి వీధికి కూడా వెళ్ళండి. వెళ్ళి తలుపు దగ్గర నిలబడక, కూర్చోమంటే కూర్చోండి, మంచినీళ్ళిస్తే త్రాగండి. ఆ ఇంటివారు పాఠం కన్న ముందు దీనిని గమనిస్తారు.

నాలుగవది తల్లిదండ్రులకు. 1956లో కామరాజ్ గారి కాలంలో మధ్యాహ్న భోజనం మొదలయింది. 1982లో ఎం.జి.ఆర్. గారు దానిని విస్తరించారు. 2022లో ఉదయపు అల్పాహారం కూడా వచ్చింది. ఈ పథకాలు ఆకలిని తీర్చడమే గాక, మరొక పని కూడా చేశాయి. అన్ని వీధుల పిల్లలను ఒకే పంక్తిలో కూర్చోబెట్టాయి. మా బిడ్డను ఫలానా వారి ప్రక్కన కూర్చోబెట్టవద్దు అని ఉపాధ్యాయుని చెవిలో చెప్పే మాట ఏ ఊరిలోనైనా ఉంటే, అది ఇకనైనా మానాలి. తెలుగు నేర్పండి అని అడిగే హక్కు మనకు ఎంత ఉందో, ఆ మాట మానవలసిన బాధ్యత కూడా అంతే ఉంది.

మైనారిటీగా బ్రతకడం మనకు ఒక కష్టం. అది ఒక చదువు కూడా. గుంపులో ఒంటరిగా నిలబడడం ఎలా ఉంటుందో మనకు పుస్తకం చెప్పనవసరం లేదు. ఆ ఎరుకను మన ఫిర్యాదుకు మాత్రమే వాడుకొంటే అది చేదుగా మిగులుతుంది. మనకన్న ఒంటరిగా ఉన్నవానిని గుర్తుపట్టడానికి వాడుకొంటే, శ్రీరాములు గారికి వేసిన దండ వాడిపోదు.

రేపు ఉదయం హాజరు పిలిచేటప్పుడు, చివరి వరుసలో కూర్చొన్న పిల్లవాని పేరు ఒకసారి నెమ్మదిగా, పూర్తిగా పలకండి. అక్కడి నుండి మొదలుపెడదాము.